మా అమ్మాయి ఇంటికి 23 సెంటీమీటర్లు

ఆర్టీసీలో 34 ఏళ్లు చేశాను. కండక్టరుగా చేరి కంట్రోలరుగా రిటైరయ్యాను. చివరి పదేళ్లూ హైదరాబాదు ఎంజీబీఎస్ బస్టాండులోనే. ఏ బస్సు ఎన్నింటికి ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది, ఎన్నింటికి కదిలింది అని రాసుకుంటూ కూర్చోవడమే పని. విజయవాడ ఎంత అంటే 275, తిరుపతి ఎంత అంటే 560 పైచిలుకు అని నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మాకు కిలోమీటర్లు తెలిస్తే గంటలు తెలిసిపోయినట్టే. ఘాట్ రోడ్డుంటే కాస్త కలుపుతాం, భోజనాలకి ఇరవై నిమిషాలు కలుపుతాం, అంతే. పోయేటప్పుడు ఎంత టైమో వచ్చేటప్పుడూ అంతే.

ఈ లెక్క డాలస్ ప్రయాణంలో ఎందుకూ పనికిరాకుండా పోయింది.

మా అమ్మాయి అక్కడ, అమెరికా టెక్సాస్‌లో, ఉంటుంది. 2024లో కాన్పుకి మమ్మల్ని రమ్మంది. ఈ మాట తెలిసిన దగ్గర్నుంచి హయత్‌నగర్‌లో మా వీధి వీధంతా ఒకటే ప్రశ్న: "ఎన్ని గంటలు?" పాలబ్బాయి కూడా అదే అడిగాడు. ఎంత దూరం అని ఒక్కరూ అడగలేదు. నాకేమో ముందు దూరం కావాలి. దూరం తెలియకుండా గంటలు చెప్తే అది షెడ్యూలు కాదు, జాతకం.

అల్లుడుగారిని ఫోన్లో అడిగాను. "నేరుగా కొలిస్తే 14,400 కిలోమీటర్లు ఉంటుంది మామయ్యగారూ. కానీ నేరుగా ఫ్లైట్ లేదు, దుబాయ్ మీదుగా బుక్ చేశాను. మొత్తం ఇరవై రెండున్నర గంటలు" అన్నారు. అంటే తిరుపతికి పదమూడు సార్లు పోయి వచ్చినంత. సరే అని పెట్టేశాను గానీ, ఊరికే నమ్మడం నా వల్ల కాదు. ఇంట్లో గోడకి ప్రపంచ పటం ఉంది. స్కేలు పెట్టి హైదరాబాదు నుంచి డాలస్‌కి ఒక గీత గీశాను. అరేబియా, సహారా ఎడారి, అట్లాంటిక్ సముద్రం దాటి వెళ్లింది గీత. పటం కింద ఇచ్చిన కొలతతో లెక్కగడితే 19 వేలు దాటింది. మా అల్లుడుగారు పెద్ద చదువులు చదివారు గానీ ఐదు వేల కిలోమీటర్లు మింగేశారే అనుకున్నాను. ఆ మాట మా ఆవిడతో అంటే, "వాళ్లు రోజూ విమానాల్లో తిరిగేవాళ్లు, మీరు ఎర్రబస్సు" అంది.

అలమారా పైన మా అమ్మాయి ఏడో తరగతిలో కొనిపించుకున్న గ్లోబు ఉంది. దుమ్ము దులిపి కిందికి దించాను. ఎనిమిది అంగుళాల గ్లోబు, కొంచెం ఒరిగి తిరుగుతుంది. మా ఆవిడ అప్పుడు మల్లెపూలు కడుతోంది. ఆ దారం ఉండలోంచి ఒక మూడు జానలు తెంపుకున్నాను. ముందు భూమధ్యరేఖ మీద దారం చుట్టి స్కేలు మీద పెట్టాను. 64 సెంటీమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు కదా, 64తో భాగిస్తే సెంటీమీటరుకి సరిగ్గా 625 కిలోమీటర్లు. ఇంత చక్కగా తెగిన లెక్క నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడు ఎడమ బొటనవేలితో హైదరాబాదు చుక్క మీద దారం నొక్కి పట్టుకుని, అటు పక్క టెక్సాస్ మీద ఇంకో కొస పెట్టాను. పటం మీద గీసినట్టే పడమటికి, అరేబియా మీదుగా పరిచాను. దారం వదులుగా ఉంది. బిగించాను. బిగించేకొద్దీ అది తనంతట తానే పైకి జారడం మొదలుపెట్టింది. ఆఫ్రికా వదిలేసింది, యూరప్ వదిలేసింది, రష్యా మీదికి ఎక్కింది. గ్లోబు నెత్తిన ఇరుసు దగ్గర చిన్న ఇత్తడి బొడిపె ఉంటుంది చూడండి, ఉత్తర ధ్రువం ఉండేచోట. పోయి పోయి ఆ బొడిపెకి ఆనుకుని ఆగింది. ఇంక ఎంత లాగినా కదల్లేదు. అదే దగ్గరి దారి. స్కేలు మీద పెడితే 23 సెంటీమీటర్లు. 23ని 625తో హెచ్చవేశాను. 14,375.

అల్లుడుగారు ఒక్క కిలోమీటరు కూడా మింగలేదు. మింగింది గోడ మీద పటం. గుండ్రటి భూమిని బల్లపరుపుగా పరిచేసరికి ఉత్తరాన ఉన్నదంతా సాగిపోతుంది, అక్కడున్న దగ్గర దారులు కూడా వంకర దారుల్లా కనిపిస్తాయి. హైదరాబాదు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 175. ఇంకో ఐదు డిగ్రీలుంటే వాళ్ల రేఖ సరిగ్గా మన రేఖకి వీపు వెనక ఉండేది. అలాంటప్పుడు పక్క నుంచి చుట్టి రావడం కంటే నెత్తి మీద నుంచి దాటడమే దగ్గర. తెలిశాక చాలా మామూలుగా అనిపిస్తుంది. తెలిసేదాకా నేను అల్లుణ్ని అనుమానించాను.

"దారం పారేయకండి, దండ సగంలో ఉంది" అని మా ఆవిడ లాక్కుంది. లాక్కునేలోపే దుబాయ్ మీదుగా కూడా కొలిచాను. దుబాయ్‌కి నాలుగు సెంటీమీటర్లు, అక్కణ్నుంచి డాలస్‌కి ఇరవయ్యున్నర దాటింది. దుబాయ్‌కి 2,550, ఆపైన 12,900, మొత్తం 15,450 దాకా తేలింది. దుబాయ్‌లో దిగి ఎక్కినందుకు పెరిగేది దాదాపు వెయ్యి కిలోమీటర్లే. అంత దూరానికి అదేం పెద్ద చుట్టు కాదు. ఎంజీబీఎస్ నుంచి విజయవాడ పోతూ సూర్యాపేటలో ఊళ్లోకి వెళ్లి వచ్చినట్టు.

మరి నేరుగా ఎందుకు లేదూ అంటే, 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి చికాగోకి ఆగకుండా పోయే విమానం మొదలుపెట్టింది. అది దాదాపు 13,300 కిలోమీటర్లు. మేం వెళ్లేనాటికి ఆ సర్వీసు లేదు. అదే నెలలో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి మహిళా పైలట్లే విమానాన్ని ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చారు, దాదాపు 14,000 కిలోమీటర్లు. అంటే నా దారం వెళ్లిన దారిలో మనుషులు నిజంగానే వెళ్తున్నారన్నమాట. అంత దూరం మధ్యలో బంకు లేకుండా పోవాలంటే బండెడు ఇంధనం మోసుకెళ్లాలి. మేం ఎక్కిన బోయింగ్ 777లో పెద్ద రకానికి ట్యాంకులో లక్షా ఎనభై వేల లీటర్లు పడుతుందట. బస్సుకి లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందని డిపోలో డ్రైవర్ల ప్రాణం తీసేవాళ్లం. ఈ ముక్క విన్న రోజు వాళ్లందరూ గుర్తొచ్చారు.

వీసా సంగతి టూకీగా చెప్తాను, అందరికీ తెలిసిందే. మనిషికి 185 డాలర్లు కట్టి, వేలిముద్రలు ఒకరోజు, నానక్‌రామ్‌గూడలో కాన్సులేట్ ఇంటర్వ్యూ ఇంకోరోజు. అంతకు ముందు చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేశాం. ఇంటర్వ్యూలో ఆయన అడిగింది మూడే ప్రశ్నలు, మా ఆవిడ సమాధానం చెప్పింది రెంటికి. వీసా వచ్చాక మళ్లీ చిలుకూరు, 108 ప్రదక్షిణలు. నాకు నలభై దాటాక లెక్క తప్పింది. మా ఆవిడ చేతిలో కార్డు మీద టిక్కులు పెట్టుకుంటూ తిరిగింది కాబట్టి సరిపోయింది. 34 ఏళ్లు లెక్కలు రాసినవాడి పరిస్థితి ఇది.

సామాన్లు మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. ఈ 23 మమ్మల్ని వదల్లేదు. జూన్ కాబట్టి కొత్తావకాయ ఉంది, సీసా మూతకి టేపు చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరుని ఇంకో కవర్లో పెట్టి, చివరికి మా ఆవిడ పాత చీరలో చుట్టింది. పెట్టెలో చీర బరువే ఎక్కువైందని ఒక కారప్పొడి పొట్లం తీసేశాం. ఆ పొట్లం గురించి ఇప్పటికీ నన్నే అంటుంది.

ఇంకో ముఖ్యమైన పని డాక్టరు దగ్గరికి వెళ్లడం. మా ఆవిడకి షుగరు. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. అసలు పొద్దున ఎప్పుడో, రాత్రి ఎప్పుడో తెలియని ప్రయాణంలో మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? ఇది మాకు ముందు తట్టలేదు, మా పక్కింటావిడ అడిగితే తెలిసొచ్చింది. మా డాక్టరు గారు కాగితం మీద రాసి ఇచ్చారు: దారి పొడుగునా ఇండియా టైము ప్రకారమే వేసుకోండి, అక్కడ దిగాక ఎలా మార్చుకోవాలో కింద చూడండి అని. అందుకని నా చేతి గడియారం ఇండియా టైములోనే ఉంచాలని నిర్ణయించాం. మంచి నిర్ణయమే. దాని వల్లే దుబాయ్‌లో నా గుండె ఆగినంత పనైంది.

జూన్ రెండో ఆదివారం. విమానం రాత్రి 9.50కి. సాయంత్రం ఐదున్నరకే ఇల్లు కదిలాం. పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగురోడ్డు ఎక్కి శంషాబాద్‌కి సుమారు నలభై కిలోమీటర్లు. బ్యాగులు వేసి, ఇమిగ్రేషన్ దాటి కూర్చునేసరికి ఎనిమిది. నోట్‌బుక్ తీసి లాగ్ షీటు లాగా గీతలు కొట్టుకున్నాను: రావలసిన టైము, వచ్చిన టైము, తేడా. విమానం సరిగ్గా 9.50కి గేటు వదిలింది గానీ, నేల వదిలేసరికి పదింబావు. గాలిలో ఉండేది మూడున్నర గంటల చిల్లరే. మరి టికెట్ మీద నాలుగు గంటలు అని ఎందుకుంది? గేటు నుంచి గేటుకి లెక్కట. ఇది నాకు బాగా నచ్చింది. మేం కూడా బస్టాండు నుంచి బస్టాండుకే రాస్తాం, ఎల్బీనగర్ ట్రాఫిక్‌లో నిలబడ్డదాన్ని ప్రయాణం కాదని అనలేం కదా.

2,550 కిలోమీటర్లకి నాలుగు గంటలంటే సగటున గంటకి 640 కూడా పడలేదు. పైన 900 దగ్గర పోతున్నామని ముందు సీటు తెర మీద కనిపిస్తూనే ఉంది. ఎక్కడం, దిగడం, నేల మీద పాకడం, వీటికి పోయేది ఎంత చిన్న ప్రయాణమైనా పోతుంది. పల్లెవెలుగుకీ గరుడకీ ఊరు దాటడానికి పట్టే టైము ఒకటే. దూరం పెరిగేకొద్దీ సగటు బాగుపడుతుంది.

దుబాయ్‌లో విమానం ఆగింది. గడియారం చూశాను: 1.50. బోర్డింగ్ పాసు చూశాను: డాలస్ విమానం ఎక్కే టైము 1.40.

ఒళ్లంతా చెమట పట్టింది. నోట మాట రాలేదు. "లే, లే, పోయింది, విమానం పోయింది" అని మా ఆవిణ్ని లాగేశాను. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, వీల్‌చైర్ రాయించాం. తలుపు దగ్గర వీల్‌చైర్‌తో ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషూ హిందీ కలిపి ఏదో అరిచాను. అతను నా చేతిలో పాసు తీసుకుని చూసి, నా మణికట్టు చూసి, నవ్వాడు.

"కాకా, మీ గడియారంల మనూరి టైమున్నది. ఈడ ఇంక పన్నెండు ఇరవయ్యే. దుబాయ్ మనకన్న గంటన్నర ఎనుక. మస్తు టైమున్నది, జర సల్లవడు."

తెలుగు! ఆ అర్ధరాత్రి నాకు ఏడుపొచ్చినంత పనైంది. జగిత్యాల దిక్కు పిల్లవాడట. మీ ఊరి బస్సు జేబీఎస్ నుంచే కదా అన్నాను. ఏం మాట్లాడాలో తెలియక ఆ ముక్క అన్నాను గానీ అతని ముఖం వెలిగిపోయింది. మా ఆవిణ్ని కూర్చోబెట్టి లిఫ్టులు, రైలు ఎక్కించి గేటు దాకా తీసుకెళ్లి, "అమ్మా, పోయొస్తా" అని చెప్పి వెళ్లాడు. ఆవిడ సంచిలోంచి నాలుగు అరిసెలు తీసి పెట్టింది. ఇదంతా నోట్‌బుక్‌లో రాయలేదు. ఏ గడిలో రాయాలో తెలియలేదు.

అసలు సంగతేమిటంటే, టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. బయల్దేరే టైము బయల్దేరే ఊరిది, దిగే టైము దిగే ఊరిది. రెంటినీ తీసేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. మా లోకంలో హైదరాబాదు గడియారం, తిరుపతి గడియారం అని రెండు లేవు. కాకినాడ పక్కగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం ఒక్కటే దేశమంతటికీ టైము చెప్తుంది. అందుకే నాకీ చిక్కు ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారీ ఎదురుకాలేదు.

దుబాయ్ టైము 2.40కి రెండో విమానం కదిలింది. పదహారు గంటలు. ముందు సీటు తెర మీద చిన్న విమానం బొమ్మ ఉత్తరానికి తిరిగింది. పక్క సీటాయన, టెక్సాస్‌లోనే పాతికేళ్ల నుంచి ఉంటున్న గుంటూరు ఆయన, కప్పుకుని పడుకున్నాడు. నేను తెర చూస్తూ కూర్చున్నాను. ఇరాన్, కాస్పియన్ సముద్రం, రష్యా, నార్వే పైభాగం. మా పూలదారం దారి కాకపోయినా దాని మేనత్త కూతురిలా ఉంది ఈ దారి.

బయల్దేరిన రెండున్నర గంటలకి తెల్లారింది. కిటికీ తలుపు రెండు వేళ్ల మందం ఎత్తి చూశాను. కుడివైపు, రెక్క చివరన, ఎర్రగా, అప్పుడే లేస్తున్న సూర్యుడు. సరే కాసేపట్లో ఎండెక్కుతుందని తలుపు దించేశాను. గంటన్నర తర్వాత ఎత్తాను. అక్కడే ఉన్నాడు. కాస్త పైకి జరిగాడేమో అంతే. భోజనం పెట్టారు, తిన్నాం, నడవలో అటూ ఇటూ నాలుగు అడుగులు వేశాం, మళ్లీ చూశాను. అక్కడే! కింద తెల్లగా మంచుగడ్డల సముద్రం, దాని మీద పొడుగాటి పొద్దుటి ఎండ. గ్రీన్‌లాండ్ దగ్గర నా చేతి గడియారంలో పగలు పదకొండు దాటింది, దుబాయ్‌లో తొమ్మిదిన్నర, బయట మాత్రం తెల్లవారుజాము నాలుగూ నాలుగుంబావు. దాదాపు ఆరు గంటలసేపు అదే తెల్లవారుజాము.

మెలకువ వచ్చిన గుంటూరాయన్ని అడిగితే చెప్పాడు. భూమి గంటకి 15 డిగ్రీలు తూర్పుకి తిరుగుతుంది. మనం పడమటికి అంతే వేగంగా రేఖాంశాలు దాటుతుంటే సూర్యుడు కదలనట్టే ఉంటాడు. నడిమిన, భూమధ్యరేఖ దగ్గర, అలా దాటాలంటే గంటకి పదహారు వందల కిలోమీటర్ల పైన పోవాలి. పైన ధ్రువం దగ్గర రేఖాంశాలన్నీ దగ్గరికి వచ్చేస్తాయి కాబట్టి మన విమానం వేగమే సరిపోతుంది. పైగా జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించనే అస్తమించడు. ఇంత చెప్పి ఆయన మళ్లీ పడుకున్నాడు. నేను మా ఆవిణ్ని లేపి చూపించాను. "దణ్ణం పెట్టుకోండి, ఇంతసేపు ఎవరికి దొరుకుతాడు" అని తను రెండు చేతులూ జోడించి, గడియారం అడిగి, మాత్ర వేసుకుంది.

హడ్సన్ బే, అమెరికా సరిహద్దు, ఆపైన డాలస్. పొద్దున 9.45. సోమవారం.

పెట్టెల కోసం నిలబడ్డప్పుడు మా ఆవిడ వేళ్ల మీద లెక్క వేసింది. "నిన్న రాత్రి పదింటికి బయల్దేరాం. ఇవాళ పొద్దున పదింటికి దిగాం. అంటే పన్నెండు గంటలేగా! తిరుపతి బస్సంత. దీనికేనా మీరు ఊరంతా ఇరవై రెండున్నర అని చాటింపు వేశారు?" నా గడియారం చూపించాను. రాత్రి 8.15. డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. ఆ పదిన్నరా కలిపితే 22 గంటల 25 నిమిషాలు. ఆవిడ ఒప్పుకోలేదు. వారం తర్వాత హయత్‌నగర్‌లో ఎవరికో ఫోన్లో, "పన్నెండు గంటలేనమ్మా, ఏం కష్టం లేదు" అని చెప్తుంటే విన్నాను.

ఒళ్లు మాత్రం ఎవరి మాటా వినలేదు. మధ్యాహ్నం నాలుగు కాగానే ఇద్దరం సోఫాలో ఒరిగిపోయేవాళ్లం. అర్ధరాత్రి రెండింటికి ఆకలి. వారం దాటాక గానీ దారిలో పడలేదు.

ఐదు నెలలు ఎలా గడిచాయో చెప్పక్కర్లేదు. మనవరాలు పుట్టింది. దానికి పగలూ రాత్రీ తెలియదు కాబట్టి మా ఇద్దరికీ దానికీ మొదటి రోజు నుంచీ పొత్తు కుదిరింది. నవంబరు మొదటి ఆదివారం తెల్లారి లేచేసరికి ఇంట్లో గడియారాలన్నీ గంట వెనక్కి తిరిగి ఉన్నాయి. చలికాలం టైమట. పదిన్నర తేడా పదకొండున్నర అయింది. మనుషులు కూర్చున్నచోటే కూర్చుంటే ఊళ్ల మధ్య గంట పెరగడం నేను అక్కడే చూశాను. ఆ రోజు నేను పొద్దున చేసిన ఫోన్‌కి మా తమ్ముడు నిద్రమత్తులో పలికాడు. గంట తప్పిపోయింది మరి.

నవంబరు నెల మధ్యలో తిరుగు ప్రయాణం. శనివారం పగలు 11.40కి డాలస్‌లో కదిలాం. మూడు నాలుగు గంటలకే పొద్దు గుంకింది. వెళ్లేటప్పుడు ఆరు గంటలు కదలని సూర్యుడు, వచ్చేటప్పుడు మమ్మల్ని చూసి పారిపోయినట్టే అయింది. తెర మీద వేగం చూసి నా కళ్లు నేనే నమ్మలేదు: గంటకి 1,050. వెళ్లేటప్పుడు 880, 900 మధ్యే ఆడింది. విమానం అదే రకం, దూరమూ ఇంచుమించు అంతే. దుబాయ్‌లో దిగేసరికి పద్నాలుగున్నర గంటలు. వెళ్లేటప్పుడు పట్టింది 16 గంటల 5 నిమిషాలు. గంటా ముప్పై ఐదు నిమిషాలు ముందు! మా డ్రైవరెవరైనా అంత ముందు వస్తే మెమో ఇచ్చేవాణ్ని.

దీనికి కారణం నాకు ముందే తెలుసు, అల్లుడుగారు చెప్పారు. పది, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పడమటి నుంచి తూర్పుకి ఒక గాలి వీస్తూ ఉంటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. ఒక్కోసారి గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది, చలికాలంలో ఇంకా జోరు. తూర్పుకి వచ్చే విమానాలు వీలైనంతవరకు ఆ గాలిలోకి దూరి వస్తాయి, పడమటికి పోయేవి దాన్ని తప్పించుకుని పోతాయి. రాజమండ్రిలో లాంచీ ఎక్కినవాళ్లెవరికైనా ఇది తెలిసిందే. పాపికొండలకి ఎదురెక్కడం వేరు, దిగువకి రావడం వేరు. దుబాయ్, హైదరాబాదు మధ్య కూడా అదే వరస: వెళ్లేటప్పుడు నాలుగు గంటలు, వచ్చేటప్పుడు మూడు గంటల ఇరవై. నోట్‌బుక్‌లో మొత్తం కూడి చూశాను. ఆగిన టైము తీసేస్తే వెళ్లేటప్పుడు 20 గంటల 5 నిమిషాలు, వచ్చేటప్పుడు 17 గంటల 50. ఒకే రూటుకి రెండు రన్నింగ్ టైములు. ఆర్టీసీలో ఈ చార్టు పట్టుకెళ్తే ఆఫీసరు నా ముఖాన కొట్టేవాడు.

కానీ గడియారాల లెక్క చూస్తే తిరగబడింది. శనివారం పగలు 11.40కి బయల్దేరినవాళ్లం శంషాబాద్‌లో దిగింది ఆదివారం రాత్రి 7.55కి. ముప్పై రెండుంబావు గంటలు. దుబాయ్‌లో ఆగింది కూడా కలుపుకుంటే నిజానికి పట్టింది 20 గంటల 45 నిమిషాలే. మా ఆవిడకి ఈ లెక్క బాగా నచ్చింది. "పోయేటప్పుడు పన్నెండు, వచ్చేటప్పుడు ముప్పై రెండు. బిడ్డ దగ్గరికి పోయేటప్పుడు ఎప్పుడూ దగ్గరే, వదిలి వచ్చేటప్పుడే దూరం" అంది ఔటర్ మీద కారులో. రుజువు చేయడానికి నోట్‌బుక్ తీశాను గానీ చీకట్లో అంకెలు కనబడలేదు. మూసేశాను.

ఆ రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. పక్కన చూస్తే తనూ కూర్చునే ఉంది. డాలస్‌లో మధ్యాహ్నం రెండున్నర, పాప పాలు తాగే టైము. వీడియో కాల్ చేశాం. అది ఫోన్ వైపు చూడకుండా ఫ్యాను వైపు చూసింది. టీ పెట్టుకున్నాం. గ్లోబు కింద బల్ల మీదే ఉంది, వెళ్లేముందు పైన పెట్టడం మర్చిపోయాను. దాని మీద ఐదు నెలల దుమ్ము. మా ఆవిడ కొంగుతో తుడుస్తూ, పైన బొడిపె దగ్గర వేలు పెట్టి, "సూర్యుడు ఆగింది ఇక్కడేనా?" అంది. కాస్త కిందికి, గ్రీన్‌లాండ్ మీదికి, ఆ వేలు జరిపాను.

మెయిన్ రోడ్డు మీద మొదటి సిటీ బస్సు చప్పుడు వినిపించింది. అలవాటు కొద్దీ గడియారం చూశాను. 4.40. టైముకే వచ్చింది.